ఆ మెయిల్ అసలుదో నకిలీదో తేల్చే పని మీకెందుకు?

ప్రశ్న: మొన్న రాత్రి మా బ్యాంకు పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. ‘మీ వివరాలు అప్‌డేట్ కాలేదు, 24 గంటల్లో ఖాతా నిలిపేస్తాం’ అని ఉంది. లోగో, రంగులు, నా పూర్తి పేరు, కార్డు నంబరులో నాలుగు అంకెలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫోన్‌లోనే లింకు నొక్కి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టేశాను. వెంటనే ఓటీపీ కూడా వచ్చింది. దాన్ని ఎంటర్ చేయమన్న పేజీ దగ్గర ఎందుకో అనుమానం వచ్చి మూసేశాను. ఇప్పటిదాకా డబ్బేమీ పోలేదు. ఆ ఖాతా నాదీ, మా ఆయనదీ జాయింటు. ఆయనకు చెప్పలేదు, ఏమంటారో అని భయం. మా అబ్బాయి ఎప్పుడూ ‘తాళం గుర్తు చూడమ్మా, స్పెల్లింగ్ తప్పులు చూడమ్మా’ అంటుంటాడు. తాళం ఉంది, తప్పులు లేవు. మరెలా కనిపెట్టాలి? ఇంతకీ నేను గట్టెక్కినట్టేనా? ఇక బ్యాంకు మెయిళ్లు చదవడమే మానేయాలా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: ఇంకా గట్టెక్కలేదండీ. మీ ఉత్తరం అందగానే ‘ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి’ అని రెండు ముక్కలు విడిగా పంపాను. చేసే ఉంటారనుకుంటాను. చేయకపోయి ఉంటే ఇది పక్కన పెట్టి ఇప్పుడే చేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నంబరు మీ కార్డు వెనకాల ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ఉన్నా సరే. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకండి. ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్’ అని వెతికి దొరికిన నంబరుకూ వద్దు, దొంగ నంబర్లు అక్కడ ప్రకటనల రూపంలో కూడా కనిపిస్తుంటాయి. ఫోన్ ఎత్తినవాళ్లతో డొంకతిరుగుడు లేకుండా ‘నా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ నకిలీ సైట్‌లో ఇచ్చేశాను’ అని చెప్పండి. చాలామంది సిగ్గుపడి ‘ఏదో అనుమానం మెయిల్ వచ్చింది’ అని ఊరుకుంటారు. అలా చెబితే అవతలివాళ్లు ‘అలాంటివి పట్టించుకోకండి మేడమ్’ అని పెట్టేస్తారు. మీరు పాస్‌వర్డ్ ఇచ్చారని తెలిస్తేనే వాళ్లు చేయాల్సింది చేస్తారు. ఆ రాత్రి నుంచి ఖాతాలోకి ఎవరైనా లాగిన్ అయ్యారా, డబ్బు పంపడానికి కొత్త పేర్లు ఏమైనా చేర్చారా, రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు గానీ ఈమెయిల్ గానీ మారిందా, లావాదేవీల పరిమితి పెరిగిందా అని అడగండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి.

తర్వాత పాస్‌వర్డ్ మార్చండి, బ్యాంకు యాప్‌లోంచే. ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు నాకు చెప్పనక్కర్లేదు. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతున్నారా? వాడుతుంటే అన్నిటికంటే ముందు మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. ఏ సైట్‌లో ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కినా ఆ లింకు మెయిల్‌కే కదా వచ్చేది. మెయిల్ చేతికి చిక్కితే మిగతావన్నీ వరసగా చిక్కుతాయి. మెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఫార్వర్డింగ్’, ‘ఫిల్టర్లు’ అని ఉంటాయి, అవి కూడా తెరిచి చూడండి. లోపలికి వచ్చినవాడు బ్యాంకు హెచ్చరికలు మీ కంటపడకుండా చెత్తబుట్టలోకి పోయేలా అక్కడ ఒక నియమం పెట్టి వెళ్లవచ్చు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ నియమం అలాగే ఉండిపోతుంది.

డబ్బు పోలేదన్నారు. ఎందుకు పోలేదో తెలుసుకోండి, అప్పుడు ఇంకా ఏం జరగవచ్చో మీకే అర్థమవుతుంది. మీరు నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టగానే, వాళ్లో వాళ్ల ప్రోగ్రామో దాన్నే మీ అసలు బ్యాంకు సైట్‌లో కొట్టి ఉంటారు. అసలు బ్యాంకు మీరే వచ్చారనుకుని మీ ఫోన్‌కు ఓటీపీ పంపింది. అంటే మీకు వచ్చిన ఓటీపీ నిఖార్సైనదే, నిజంగా బ్యాంకు పంపిందే. ఈ మోసంలో అందరూ బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. ‘ఎప్పుడూ వచ్చే పేరుతోనే మెసేజ్ వచ్చింది కదా, కాబట్టి పేజీ కూడా బ్యాంకుదే’ అనుకుంటారు. మీరు అక్కడ ఆగారు చూడండి, ఆ ఆగడమే డబ్బును కాపాడింది. వీలైతే ఆ ఓటీపీ మెసేజ్ మళ్లీ తెరిచి ఇప్పుడు నిదానంగా చదవండి. అది దేనికోసమో చాలా బ్యాంకులు అందులోనే రాస్తాయి: లాగిన్‌కా, కొత్త పేరు చేర్చడానికా, ఫలానా మొత్తం పంపడానికా అని. మనం అంకెలు మాత్రం చూసి మిగతాది వదిలేస్తాం. వివరాలు అప్‌డేట్ చేయమన్న పేజీ అడిగిన ఓటీపీ, డబ్బు పంపడానికి ఉద్దేశించినదైతే ఆ ఒక్క వాక్యంలోనే మొత్తం బండారం బయటపడుతుంది.

కానీ మీరు మార్చేదాకా పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లకు కావలసింది ఇక ఓటీపీ ఒక్కటే. అందుకని ఫోన్ వచ్చే అవకాశం బాగా ఉంది. ఆ ఫోన్ ఇలా ఉంటుంది: ‘మేడమ్, మేం బ్యాంకు ఫ్రాడ్ విభాగం నుంచి. మీ ఖాతాలో అనుమానాస్పద లాగిన్ కనిపించింది. మొన్న రాత్రి మీరేమైనా లింకు నొక్కారా?’ అవును కదా, వీళ్లకెలా తెలిసిందబ్బా అని మీరు ఆశ్చర్యపోతారు. తెలియదా మరి, ఆ లింకు పంపింది వాళ్లే. ‘కంగారు పడకండి, ఆ లావాదేవీ క్యాన్సిల్ చేయాలంటే ఇప్పుడొక కోడ్ వస్తుంది, చెప్పండి’ అంటారు. లేదా ‘డబ్బు మా సేఫ్ అకౌంట్‌కు మార్చండి, రేపు తిరిగి వేస్తాం’ అంటారు. లేదా ఫోన్‌లో ఒక యాప్ వేసుకోమంటారు. అది వేస్తే మీ స్క్రీన్ మొత్తం వాళ్ల కళ్ల ముందుంటుంది, వచ్చే ఓటీపీలతో సహా. ఏ బ్యాంకూ ఓటీపీ చదివి చెప్పమనదు. సేఫ్ అకౌంట్ అనేది అసలు ఉండదు. స్క్రీన్ మీద బ్యాంకు పేరే పడినా నమ్మకండి, కనిపించే నంబరును కూడా మార్చి చూపించగలరు. కోపంగా మాట్లాడాల్సిన పని లేదు. ‘నేనే చేస్తాను’ అని పెట్టేసి, కార్డు వెనకాల నంబరుకు మీరే చేయండి.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఖాతా జాయింటు అన్నారు. ఇద్దరి నంబర్లూ రిజిస్టర్ అయి ఉంటే ఆ ఫోన్ ఆయనకే రావచ్చు. ఏమీ తెలియని మనిషికి ‘మీ ఆవిడ మొన్న రాత్రి ఒక లింకు నొక్కారు, ఖాతా ప్రమాదంలో ఉంది’ అని ఎవరో చెబితే ఆయన ఏం చేస్తారు? ఆ టెన్షన్‌లో అడిగింది అడిగినట్టు చెప్పేస్తారు. మీరు చెప్పకుండా ఉండటం వల్ల రక్షణ తగ్గుతోంది. అందుకని ఈ రోజే చెప్పండి. ఆయన నాలుగు మాటలంటే అననివ్వండి.

ఆయన మరీ ఎక్కువ అంటే ఈ కథ వినిపించండి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతాలోంచి దొంగలు 8 కోట్ల 10 లక్షల డాలర్లు కొట్టేశారు. వాళ్లు లోపలికి దూరింది ఎలాగంటే, ఉద్యోగం కావాలి, నా బయోడేటా ఈ లింకులో ఉంది అంటూ బ్యాంకు ఉద్యోగులకు పంపిన మెయిళ్లతో. అమెరికా న్యాయశాఖ 2018లో బయటపెట్టిన అభియోగపత్రంలో ఈ మెయిళ్ల ప్రస్తావన ఉంది. కేంద్ర బ్యాంకులో కూర్చున్నవాళ్లే నొక్కారంటే రాత్రిపూట ఫోన్ పట్టుకున్న మనం ఎంత?

మీ అబ్బాయి సలహాలకు వస్తాను. పిల్లవాడు చెప్పింది ఒకప్పుడు సరైనదే, కాలం చెల్లిందంతే. సైట్ అడ్రసు పక్కన కనిపించే తాళం గుర్తుకు అర్థం ఒక్కటే: మీ ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య వెళ్లేది దారిలో ఎవరూ చదవలేరు అని. ఆ సైట్ ఎవరిది, మంచివాడిదా దొంగదా అన్నది తాళం చెప్పదు. తాళం చూపించాలంటే సైట్‌కు సర్టిఫికెట్ అనే డిజిటల్ పత్రం కావాలి, 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వాటిని అడిగిన అందరికీ ఉచితంగా ఇస్తోంది. మంచి ఉద్దేశంతో పెట్టిన సంస్థే, కానీ దొంగ సైట్‌కూ నిమిషాల్లో తాళం వచ్చేస్తుంది. గూగుల్ 2021లో చేసిన అధ్యయనంలో తాళం గుర్తుకు అసలు అర్థం చెప్పగలిగినవాళ్లు 11 శాతమేనట. జనం దాన్ని భద్రతకు హామీ అనుకుంటున్నారనే 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో ఆ గుర్తునే తీసేసి వేరే గుర్తు పెట్టింది.

స్పెల్లింగ్ తప్పుల సంగతి తమాషాగా ఉంటుంది. ఇందాక చెప్పిన బంగ్లాదేశ్ దొంగతనంలోనే ఒక పెద్ద బదిలీలో ‘ఫౌండేషన్’ అన్న మాటకు స్పెల్లింగ్ తప్పు పడటంతో మధ్యలో ఉన్న బ్యాంకుకు అనుమానం వచ్చి ఆపిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. అలా అక్షరదోషం ఆదుకున్న సందర్భాలు లేకపోలేదు. కానీ ఇప్పుడు ఏఐని అడిగితే ఏ భాషలోనైనా నున్నగా, బ్యాంకు మేనేజర్ రాసినట్టే రాసిపెడుతుంది. తప్పులుంటే కచ్చితంగా అనుమానించండి, లేవు కదా అని నమ్మకండి.

కార్డులో నాలుగు అంకెలు సరిగ్గా ఉన్నాయన్నారు. మొదటి నాలుగా, చివరి నాలుగా? మీరు రాయలేదు. ఒకసారి కార్డు పక్కన పెట్టుకుని చూడండి. కార్డు నంబరులో మొదటి 6 లేదా 8 అంకెలు బ్యాంకును, కార్డు రకాన్ని తెలిపే కోడ్. వీసా అయితే 4తో మొదలవుతుంది. మీ బ్యాంకు అదే రకం కార్డు ఇచ్చిన అందరికీ ఆ అంకెలు దాదాపు ఒకటే. అందుకని కొన్ని దొంగ మెయిళ్లలో మొదటి నాలుగు అంకెలు చూపించి తర్వాత చుక్కలు పెడతారు. కంగారులో ఉన్న మనిషి ‘అరె, నా నంబరే’ అనుకుంటాడు. ఒకవేళ చివరి నాలుగే సరిగ్గా ఉంటే, మీ వివరాలు ఎప్పుడో ఏదో సైట్ నుంచి లీకై ఉండవచ్చు. ఆ మాట కూడా బ్యాంకుకు చెప్పి కార్డు మార్చమని అడగండి. పేరు తెలియడం మాత్రం పెద్ద విషయమే కాదు, చాలామంది ఈమెయిల్ అడ్రసులోనే పేరు ఉంటుంది.

పంపినవాళ్ల పేరు దగ్గర బ్యాంకు పేరే ఉండి ఉంటుంది, మీరు రాయకపోయినా ఊహించగలను. ఉత్తరం కవరు మీద ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరైనా రాసేయవచ్చు, పోస్టాఫీసు అడగదు. ఈమెయిల్ కూడా అంతే. దాన్ని మోసుకెళ్లే పద్ధతిని 1982లో రాసుకున్నప్పుడు వాడేవాళ్లు కొద్దిమంది, ఒకరినొకరు నమ్మేవాళ్లు. తర్వాత కాపలా పెట్టారు. 2015లో ప్రచురించిన డీమార్క్ లాంటి పద్ధతుల వల్ల, బ్యాంకు వాటిని గట్టిగా అమలు చేస్తే, ఆ బ్యాంకు సొంత అడ్రసుతో బయటివాడు పంపే మెయిల్ చాలావరకు మీదాకా రాకుండా ఆగుతుంది. అయితే దొంగ ఆ అడ్రసు జోలికే పోకుండా, దానికి దగ్గరగా ఉండే ఇంకో అడ్రసు కొనుక్కుని పేరు దగ్గర మాత్రం బ్యాంకు పేరు పెడతాడు. ఫోన్‌లో మనకు పేరే కనిపిస్తుంది. దాని మీద నొక్కితేనే అసలు అడ్రసు తెరుచుకుంటుంది. అలా నొక్కి చూసేవాళ్లు ఎంతమంది?

లింకు చదవడం కూడా ఒకసారి చూపిస్తాను. లింకులో ఇలా ఉందనుకోండి: మీబ్యాంక్ డాట్ కామ్ డాట్ ఖాతాతనిఖీ డాట్ నెట్ స్లాష్ లాగిన్. మన కన్ను ఎడమ నుంచి చదువుతుంది కాబట్టి ‘మీబ్యాంక్ డాట్ కామ్’ దగ్గరే తృప్తిపడి ఆగిపోతుంది. చదవాల్సింది మాత్రం కుడి నుంచి. మొదట్లో ఉండే జంట స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి ఎడమకు రండి: ‘నెట్’, దాని ముందు ‘ఖాతాతనిఖీ’. ఈ సైట్ యజమాని ఆ ఖాతాతనిఖీగాడు. దానికి ఎడమ పక్కన ఉన్నదంతా వాడి ఇష్టం, అక్కడ మీ బ్యాంకు పేరు రాసుకోవచ్చు, నా పేరూ రాసుకోవచ్చు. కొన్ని అడ్రసుల చివర ‘కో డాట్ ఇన్’ లాగా రెండు ముక్కలుంటాయి, అప్పుడు ఇంకో అడుగు ఎడమకు వెళ్లాలి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది. అదీ చాలదన్నట్టు, 2017లో ఒక పరిశోధకుడు యాపిల్ సైట్ పేరును మొత్తం రష్యన్ లాంటి భాషల్లో వాడే సిరిలిక్ అక్షరాలతో నమోదు చేసి చూపించాడు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అది అచ్చం అసలు అడ్రసులాగే కనిపించింది. క్రోమ్ ఆ తర్వాత సరిదిద్దింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, కనిపెట్టడం మీకు చేతకాలేదని మీరు బాధపడుతున్నారు. ఇన్ని విషయాలు, అదీ రాత్రిపూట, ‘24 గంటల్లో ఖాతా ఆగిపోతుంది’ అన్న భయం మధ్య, చిన్న ఫోన్ స్క్రీన్ మీద ఎవరు మాత్రం చూడగలరు? పదిసార్లు సరిగ్గా కనిపెట్టి పదకొండోసారి పొరబడినా ఖాతా ఖాళీ అవుతుంది. అందుకే నా సలహా ఒక్కటే, మెయిల్ అసలుదా నకిలీదా అని తేల్చడం మానేయండి. మీకు ఆ అవసరమే లేదు. బ్యాంకు పేరుతో ఏది వచ్చినా, అది నిజమైనా సరే, అందులోని లింకు ద్వారా బ్యాంకుకు వెళ్లకండి. మెయిల్ మూసేసి, మీ ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్ తెరవండి. నిజంగా వివరాలు అప్‌డేట్ కావాల్సి ఉంటే యాప్‌లో గానీ, మీరే చేసిన ఫోన్‌లో గానీ తెలుస్తుంది. అక్కడ లేదంటే ఆ మెయిల్‌తో మీకు పనిలేదు. అసలు మెయిల్ అయితే మీకు పోయేది అర నిమిషం.

కొందరు బ్యాంకువాళ్లే ‘ఇక్కడ నొక్కండి’ అని లింకులతో ప్రచార మెయిళ్లు పంపి జనానికి చెడ్డ అలవాటు నేర్పుతున్నారు. ఆ మాట ఎప్పుడో గట్టిగా రాయాలి. అయినా మీ అలవాటు మీ చేతిలో ఉంది.

దీనికి తోడు మీ ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డులు దాచిపెట్టి తానే నింపే యాప్, పెట్టివ్వమని మీ అబ్బాయిని అడగండి, ఇది తను చేయగలిగిన అసలైన సాయం. మన కన్ను లోగో చూస్తే, అది అడ్రసు చూస్తుంది. అసలు సైట్‌లో తనంతట తాను పాస్‌వర్డ్ నింపుతుంది. నకిలీ పేజీలో నింపదు. అలా నింపకపోతే మీరు చేత్తో కొట్టబోకండి, అదే హెచ్చరిక. మీ బ్యాంకు పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి, ఇస్తుంటే ఇంకా మంచిది. అది ఏ సైట్ కోసం తయారైందో ఆ సైట్‌కే పనిచేస్తుంది, ఇంకొకరికి చదివి చెప్పడానికి అందులో ఏ అంకెలూ ఉండవు.

లింకులకు చెప్పిందే అటాచ్‌మెంట్లకూ, క్యూఆర్ కోడ్‌లకూ వర్తిస్తుంది. మెయిల్‌లో క్యూఆర్ కోడ్ పెట్టారంటే అదీ లింకే, ముసుగు వేసుకున్న లింకు. ‘బ్యాంకు కొత్త యాప్’ అని ఫైల్ పంపితే అస్సలు వేసుకోకండి, యాప్ స్టోర్‌లోంచి తప్ప బ్యాంకు యాప్ ఇంకెక్కడి నుంచీ రాకూడదు. ఆ రాత్రి లింకు నొక్కాక ఫోన్‌లో ఏదైనా డౌన్‌లోడ్ అయిందా? అయి ఉంటే పాస్‌వర్డులు ఆ ఫోన్‌లో మార్చకండి, ముందు వేరే పరికరంలో మార్చి, ఈ ఫోన్‌ను తెలిసినవాళ్లకు చూపించండి. ఊరికే మెయిల్ తెరిచి చదివినందుకు మాత్రం మామూలుగా ఏమీ కాదు.

కాబట్టి బ్యాంకు మెయిళ్లు చదవడం మానకండి. ‘మీ ఫోన్ నంబరు మారింది’, ‘కొత్త పేరు చేర్చారు’ అని మీరు చేయని పని గురించి వచ్చే హెచ్చరిక కొన్నిసార్లు నిజం కావచ్చు, దాన్ని ముందుగా చూసినవాళ్లే డబ్బు ఆపగలుగుతారు. చదవండి, భయపడండి, కానీ లింకు జోలికి పోకుండా యాప్ తెరవండి. లావాదేవీల అలర్ట్‌లు ఇద్దరి ఫోన్లకూ వచ్చేలా పెట్టించండి. రోజుకు ఎంత పంపవచ్చన్న పరిమితిని మీ అవసరానికి తగ్గట్టు తగ్గించుకోండి.

ఆ మెయిల్ మీద కోపంతో ఇంకా డిలీట్ చేసి ఉండకపోతే అలాగే ఉంచండి. ఇలాంటివి పంపడానికి బ్యాంకులు ఒక ప్రత్యేక అడ్రసు ఇస్తాయి, ఫోన్ చేసినప్పుడు అడిగి తెలుసుకుని దానికి ఫార్వర్డ్ చేయండి. మీ మెయిల్ యాప్‌లో ‘ఫిషింగ్‌గా రిపోర్ట్ చేయండి’ అని ఉంటే అదీ నొక్కండి, ఫిషింగ్ అంటే ఇలా నకిలీ మెయిల్‌తో వివరాలు లాగడమే. ఫిర్యాదు నంబరు, ఆ ఓటీపీ మెసేజ్ ఒక చోట దాచండి. ఖాతాలో తేడా కనిపిస్తే బ్యాంకు మొదట అడిగేవి అవే.